అడిగి తీసుకోవలసిన టికెట్టు

ఇరవై ఆరేళ్ళకే నా పేరు ముందు 'మాజీ' చేరింది. కొందరికి ఆ మాట రావాలంటే జుట్టు నెరవాలి. నాకు పెళ్ళి సంబంధాలకంటే ముందే వచ్చింది.

కోరుట్లలో ఊరి చివరన ఉండే ఒక వార్డుకు ఐదేళ్ళు కౌన్సిలర్‌గా ఉన్నాను. ఈసారి గెలిచి కొత్తగా కుర్చీలో కూర్చున్న చెల్లెళ్ళు ఒకరిద్దరు "అక్కా, మీటింగుల ఏం మాట్లాడాలె?" అని ఫోన్ చేశారు. మీటింగుల సంగతి నన్ను అడిగి లాభం లేదు. అక్కడ నేను నోరు తెరిచింది తక్కువ. ఒక బస్సు సంగతి మాత్రం చెప్పగలను. అది మీటింగులో జరగలేదు.

ముందు నేను ఎట్లా నిలబడ్డానో చెప్పాలి. మా వార్డు ఆడవాళ్ళకు రిజర్వయింది. మా బాపు అప్పటికే నల్లా పైపుల కోసం, మురుగు మోరీల కోసం తిరిగి వాడకట్టులో పేరు తెచ్చుకున్నాడు. తాను నిలబడే దారి మూసుకుపోయింది కనుక అమ్మను నిలబెడదామనుకున్నాడు. కానీ ముగ్గురు పిల్లలున్నవాళ్ళు పోటీకి పనికిరారన్న రూలు అప్పుడు ఉండేది. అక్క, అన్న, నేను. ఆ మూడో బిడ్డను నేనే. అక్క అప్పటికే అత్తగారింట్లో ఉంది.

"మీ అమ్మను నిలవడకుంట చేసిందే నువ్వు. గిప్పుడు నువ్వే నిలవడు," అన్నాడు బాపు.

ఆ మాటకు ఇంట్లో ఎవరూ నవ్వలేదు. నాకు మాత్రం నవ్వు ఆగక లోపలికి పోయాను. సిగ్గుపడి ఒప్పుకున్నానని వాళ్ళు అనుకున్నారు. అంతే, నామినేషన్ అయిపోయింది.

నేను మాట తక్కువ మనిషిని. చిన్నప్పుడు కొన్నేళ్ళు సిరిసిల్లలో అమ్మమ్మ దగ్గర పెరిగాను. ఆ ఇంటి ముందటి అరలో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిచేవి. పగలంతా ఒకటే చప్పుడు. అన్నం తిన్నావా అని అడగాలన్నా, ఎవరో వచ్చారని చెప్పాలన్నా చేతి సైగే. అందరూ గొంతు పెంచడం నేర్చుకునే వయసులో నేను చెయ్యి ఊపడం నేర్చుకున్నాను. ఆ తర్వాత గ్రంథాలయం పుస్తకాలు అలవాటయ్యాయి, డైరీ అలవాటయింది, నోటి అవసరం ఇంకా తగ్గిపోయింది. నలుగురిలో తట్టని మాట కాగితం ముందు కూర్చుంటే మెల్లగా వచ్చేది.

కాబట్టి వార్డులో పని విభజన తేలిగ్గా జరిగిపోయింది. సంతకం నాది, మాట బాపుది. ఇంటికొచ్చినవాళ్ళు నన్ను చూసి "మేడం, సార్ ఉన్నడా?" అని అడిగేవాళ్ళు. ఆ సార్ మా బాపు.

ఒక్క పని మాత్రం బాపు నాకే వదిలేశాడు, ఆయనకు ఫోన్‌లో తెలుగు టైపు చేయడం రాదు కనుక. అది వార్డు వాట్సాప్ గ్రూపు. ప్రతి ఆదివారం అందులో వారం కబుర్లు రాసేదాన్ని. బతుకమ్మ ఆడే జాగ చదును చేయించామని, లైట్లు ఏ రోజు పెడతారని రాసేదాన్ని. పీర్ల పండుగకు ఊరేగింపు ఏ గల్లీలోంచి పోతుందో, ఆ పూట బండ్లు ఏ దారిన మళ్ళించుకోవాలో రాసేదాన్ని. పైపు కోసం తవ్విన రోడ్డు ఇంకా పూడ్చలేదు, ఆటోలు రావు, స్కూలు పిల్లలను మలుపు దాకా నడిపించండి అని రాసేదాన్ని. ఒక్కో వాక్యం కొట్టేసి మళ్ళీ రాసేదాన్ని. కింద దండం బొమ్మలు, బొటనవేలు బొమ్మలు వచ్చేవి. రిటైరైన పంతులుగారొకరు "మేడం భాష బాగున్నది" అని పెట్టారు. ఆ రోజు అన్నం సరిగా తినలేదు, సంతోషంతో.

ఇప్పుడు బస్సు.

ఆడవాళ్ళకు బస్సు ప్రయాణం ఫ్రీ అయిన కొత్తలో మా వార్డుకు ఒక విచిత్రమైన కష్టం వచ్చింది. పల్లెల దిక్కు నుంచి వచ్చే బస్సు మా మలుపు దగ్గర పెద్దరోడ్డు మీద ఆగేది. అక్కడినుంచి కోరుట్ల బస్టాండు, అటునుంచి జగిత్యాల. ఫ్రీ అయ్యాక మలుపు దగ్గర నిలబడే ఆడవాళ్ళు పెరిగారు. వాళ్ళను దూరం నుంచే చూసి, అప్పటికే నిండిన బస్సును డ్రైవర్ ఆపకుండా పోనిచ్చేవాడు. లేకపోతే ఎవరినో దింపడానికి చాలా ముందుకు పోయి ఆపేవాడు. వీళ్ళు చెప్పులు చేతిలో పట్టుకుని ఉరికేవాళ్ళు. అందేది కాదు.

ఆ ఉరికేవాళ్ళలో ఒక చాచీ ఉండేది. మా వెనక గల్లీ. ఊహ తెలిసినప్పటినుంచి బీడీలు చేసిన మనిషి. తంబాకు దుమ్ముకు దగ్గు పట్టుకుంది. ఆమె దగ్గు మా పెరట్లోకి వినిపించేది. ఇంకా చేస్తే ఊపిరితిత్తులు మిగలవని డాక్టరు చెప్పాక, ఎవరినో పట్టుకుని జగిత్యాలలో దవాఖాన ఆయా పని సంపాదించుకుంది. కాంట్రాక్టు పని. పొద్దున డ్యూటీకి ఆలస్యమైతే ఆ పూట లేనట్టే. బస్సు తప్పిపోయి రెండు మూడుసార్లు అట్లా అయ్యేసరికి, ఇంకోసారి ఆలస్యమైతే వేరే మనిషిని పెట్టుకుంటామని సూపర్‌వైజర్ చెప్పేశాడు.

మరి ఇంట్లో ఆటో ఉంది కదా అంటారు. ఉంది. చాచీ భర్త, మేమంతా చాచా అని పిలిచే ఆయన, మా మలుపు ఆటో అడ్డాకు పెద్దమనిషి. కానీ జగిత్యాల దాకా ఆటోలో రోజూ దింపితే ఆమె జీతం డీజిలుకే సరిపోతుంది. అదీ కాక ఫ్రీ బస్సు వచ్చాక ఆయన అడ్డాయే ఎండిపోయింది. మలుపు నుంచి బస్టాండుకు షేరు ఆటోలో పోయే ఆడవాళ్ళే వాళ్ళకు బేరం. అందుకే ఆ ఇంట్లో బస్సు మాట ఎత్తితే ఇద్దరూ వేరే సంగతిలోకి పోయేవాళ్ళు.

డిపోకు పోయిన రోజు బాపు ఊళ్ళో లేడు, గొల్లపల్లిలో ఎవరిదో పెళ్ళి. ఆడవాళ్ళు ఆగలేదు, నన్నే తోలుకుపోయారు. నేను దరఖాస్తు రాసుకుపోయాను. డిపో సారు పూర్తిగా చదివాడు. చదివి, కళ్ళద్దాలు తీసి, "మీరే రాసిన్రా?" అన్నాడు. తలూపాను.

"సరే మేడం. పొద్దున బస్సు ఒకటి మీ వార్డు లోపలికి మళ్ళిస్త. నీళ్ళ ట్యాంకు దగ్గర ఆగుతది. నెల రోజులు ట్రయల్. అక్కడ ఎంతమంది ఎక్కుతున్నరో టికెట్ మిషన్ల కనవడాలె. కనవడకపోతే మాత్రం నన్నేం అనద్దు."

ఆ ఆదివారం కబురు ఎంత మురిపెంగా రాశానో. బస్సు వేళ రాశాను. ఆధార్ వెంట ఉంచుకోవాలని, ప్రతి ఒక్కరూ కండక్టర్‌ను అడిగి జీరో టికెట్ తీసుకోవాలని కూడా రాశాను. జీరో టికెట్ అంటే తెలుసు కదా, మనం పైసలు ఇవ్వం, కానీ టికెట్ కొడతారు. ఆ లెక్క చూసి సర్కారు బస్సుల వాళ్ళకు కడుతుంది. కింద బొటనవేళ్ళు బోలెడు వచ్చాయి. వాటి మధ్యలో ఒక బూడిదరంగు వరుస వచ్చింది: చాచా గ్రూపులోంచి వెళ్ళిపోయాడు.

మొదటి రోజు ఆడవాళ్ళు బస్సుకు బొట్టుపెట్టి కొబ్బరికాయ కొట్టారు. డ్రైవర్ కిందికి దిగి ఫోటో దిగాడు. చాచీ టిఫిన్ డబ్బా చంకన పెట్టుకుని అందరికంటే ముందు ఎక్కింది. కొంచెం అవతల, ట్యాంకు దగ్గరికి కనిపించే మలుపులో, ఆటోల దగ్గర చాచా అటు తిరిగి అద్దం తుడుచుకుంటున్నాడు. తుడిచిందే తుడుస్తున్నాడు.

బస్సు రోజూ నిండుగా పోయేది. నా కళ్ళతో చూశాను. అందుకే నెల చివర్లో డిపో నుంచి ఫోన్ వచ్చినప్పుడు వేరే ఎవరికో చేయబోయి నాకు చేశారనుకున్నాను.

"మేడం, మీ ట్యాంకు కాడ ఎక్కెటోళ్ళు ఎవ్వలు లేరు గదా. మిషన్ల ఇద్దరో ముగ్గురో. వచ్చే వారం దాకా చూస్త. గట్లనే ఉంటే మళ్ళ పెద్దరోడ్డుకే."

"సార్, నిండుగ ఎక్కుతున్నరు సార్," అన్నాను.

"మిషన్ల లేకపోతే ఎక్కనట్టే మేడం. మాకు పైన గదే అడుగుతరు."

బాపుకు చెప్పాను. ఆయన ఒక నాయకుడికి ఫోన్ కొట్టి "చూద్దాం అన్నడు" అని చెప్పాడు. ఆ మాటకు అర్థం మా ఇంట్లో అందరికీ తెలుసు.

మర్నాడు పొద్దున నేనే బస్సెక్కాను. ఎక్కాక సంగతి అర్థమవడానికి ఎంతోసేపు పట్టలేదు.

బస్సు వచ్చేసరికే పల్లెల జనంతో సగం నిండి ఉంది. కండక్టర్ ఒక అమ్మాయి, వెనక చివర ఇరుక్కుని ఉంది. మావాళ్ళు ముందు తలుపునుంచి ఎక్కారు. కిటికీ పక్కన కూర్చున్న ఒకాయన "ఫ్రీ అనంగనే వాడకట్టు వాడకట్టే ఎక్కింది. ఇంట్ల పొయ్యి ఎవలు ముట్టిస్తున్నరో!" అని గట్టిగా అన్నాడు. మావాళ్ళు అందరూ బయటికి చూస్తున్నారు. బీడీ కార్ఖానా దగ్గర కొందరు, కూరగాయల మార్కెట్ దగ్గర కొందరు దిగిపోయారు. కండక్టర్ వాళ్ళ దాకా రానేలేదు. వీళ్ళు పిలవనూ లేదు. జగిత్యాల పోయేవాళ్ళ దగ్గరికి ఆమె వచ్చేసరికి బస్టాండు దాటింది. దాంతో బస్టాండు నుంచి అని కొట్టేసింది. ట్యాంకు దగ్గర బస్సెక్కిన మనుషులు లెక్కలోకే రాలేదు.

మా ఎదురింటి అవ్వ నా పక్కనే నిలబడి ఉంది. బీడీల చాట నెత్తిమీద పెట్టుకుని ఎంత ఇరుకులోనైనా నిలబడగల మనిషి. అడిగాను.

"అవ్వా, టికెట్ తీస్కోవా?"

"పైసలు ఇచ్చేది లేనప్పుడు టికెట్ ఎందుకే? ఊకెనే కాయిదం ఖరాబు. పాపం గా పొల్ల చూడు, మందిల ఎట్ల నలుగుతున్నదో. మళ్ళ మనం సుత పిలుసుడా?"

"టికెట్ తీస్కోవాల్నని గ్రూపుల రాసిన కదనే."

అవ్వ నన్ను జాలిగా చూసింది. "రాసినవ్ బిడ్డా. సదివెటోళ్ళు ఎవలు? నా ఫోన్ల ఎవలన్న మాట్లాడి పంపిన ఆవాజ్ వస్తె ఇంట. నువ్వు రాసింది వస్తె, ఏదో మంచిదే రాసి ఉంటదని ఏలు వెడుత."

అందరికంటే ఎక్కువ బొటనవేళ్ళు అవ్వవే.

చాచీ కారణం వేరు. ఆమెకు చదువు వచ్చు, నా కబురూ చదివింది. గొంతు తగ్గించి చెప్పింది. "ట్యాంకు కాడ బస్సు ఆగంగనే అడ్డా మీద అందరు మా దిక్కే చూస్తరు బేటీ. మా ఆయన సుత ఆడనే ఉంటడు. బేరం లేక ఆయన కూసున్నంక, నేను బస్సుల నిలవడి నాకు ఫ్రీ టికెట్, నాకు ఫ్రీ టికెట్ అని ఒర్లాల్నా? సప్పుడు చెయ్యకుంట పోతే అయిపాయె అనుకున్న."

చుట్టూ చూశాను. ఆమె ఒక్కతే కాదు. ఆ బస్సులో సగంమంది అడ్డా మీది వాళ్ళ భార్యలు, అక్కలు, వదినలు. కండక్టర్ మీద జాలి, మొగుళ్ళ ముందు మొహమాటం, పక్క సీటు వాడి మాటలకు సిగ్గు, అన్నీ కలిసి ఆ బస్సును పోగొట్టబోతున్నాయి. ఇట్లా మర్యాదతో బస్సు పోగొట్టుకునేవాళ్ళు ఇంకెక్కడైనా ఉంటారా అని ఆ రోజు డైరీలో రాసుకున్నాను.

టికెట్ సంగతి వాళ్ళ చెవిన పడాలి, ఫోన్ లేనివాళ్ళకు కూడా. అది కూడా రెండు మూడు రోజుల్లో. ఊళ్ళో చాటింపుకు మైకు కట్టిన ఆటో ఒకటుంది. చీరల సేలుకైనా, ఎవరైనా పోయినట్టు చెప్పాలన్నా, ఇటు మెట్‌పల్లి దిక్కు నుంచి అటు చందుర్తి దాకా దాన్నే పిలుస్తారు. ఆ ఆటో చాచాది.

చాచా ఇంటి ముందు మంచం మీద కూర్చుని ఉన్నాడు. చాచీ అప్పుడే పనినుంచి వచ్చి బిడ్డ స్కూలు బట్టలు మడతపెడుతోంది. వచ్చిన పని చెప్పడానికి నాకు చాలాసేపు పట్టింది. ఆయన మధ్యలో అడ్డం రాలేదు. అంతా అయ్యాక అన్నాడు:

"బేటీ, గా బస్సు నా కడుపు మీదికెళ్ళి పోతున్నది. ఇంక నేనే మైకు కట్టి రాండ్రి ఎక్కుండ్రి అని పిలువాల్నా? అడ్డా మీద పోరగాళ్ళు నా మొకం మీద ఉమ్ముతరు."

నిజమే కదా. లేచాను.

చాచీ బట్టలు మడతపెడుతూనే ఉంది. చాచా ఆమె వైపు చూశాడు. తర్వాత, నాతో కాదు, మంచం కోడుతో చెప్పినట్టు అన్నాడు:

"ఇన్నేండ్లు ఈ ఇంట్ల దగ్గు వినుకుంట పండుకున్న. ఇప్పుడు లేదు. బీడీలు ఇడిసినంక పోయింది. మొదట్ల అసలు నిద్రనే పట్టకపోయేది నాకు, ఇల్లు గంత సప్పుడు లేకుంట అయ్యింది." మంచం తాడు సవరించాడు. "బస్సు వోతే నౌకరి పోతది. నౌకరి పోతే మళ్ళ చాట ముందలేసుకుంటది. అంతే గదా?"

"అంతే," అంది చాచీ, తలెత్తకుండా.

"సరే. బండి నేను నడుపుత, మైకు నాది. కాని నా నోటితోని ఒక్క మాట చెప్ప. మాట్లాడేది నువ్వే."

"నేనా చాచా? బాపును..."

"మీ బాపు మాటలు అందరు రోజు ఇంటనే ఉన్నరు. నువ్వు ఎక్కితే ఎక్కు, లేకుంటే లేదు."

ఇంటికి పోయి రాత్రంతా రాయాలనుకున్నాను. కానీ పొద్దున్నే లేచి రాసుకున్నాను, మంచి భాషలో. ఆటోలో వెనక కూర్చుంటే చాచా మైకు చేతికిచ్చాడు. అది నేననుకున్నంత బరువుగా లేదు. మొదటి గల్లీలో ఆయనే "హలో, హలో, మైక్ టెస్ట్" అని చెప్పి నాకు అప్పగించాడు.

"వార్డు ప్రజలకు విజ్ఞప్తి. నీటి ట్యాంకు వద్ద నిలుపుదల చేయబడుచున్న బస్సు విషయమై..."

గల్లీ చివరి దాకా చదివాను. ఒక్క తలుపు తెరుచుకోలేదు. ఒకావిడ కిటికీలోంచి తొంగిచూసి లోపలికి చెప్పింది, మైకులో కూడా వినిపించేంత గట్టిగా: "ఎవలో పోయిన్రట!"

చాచా బండి ఆపాడు. వెనక్కి తిరగకుండానే అన్నాడు. "కాయిదం జేబుల వెట్టు. మా ఇంటికొచ్చి ఎట్ల మాట్లాడినవో గట్ల మాట్లాడు."

కాగితం జేబులో పెట్టాను. ఆయన తొందర పెట్టలేదు. ఇంజను ఆపి హ్యాండిల్ మీద చేతులు వేసి, సవారీ కోసం ఎదురు చూసినట్టు ఎదురు చూశాడు. చివరికి నోటికి వచ్చింది చెప్పాను.

"అవ్వలారా, అక్కలారా, చాచీలారా, నేనే, మీ కౌన్సిలర్ని. బస్సు బంద్ అయితదట. మనం ఎక్కుతలేమని అంటున్నరు. ఎక్కుతున్నం, కాని టికెట్ తీస్కుంటలేం. మనం టికెట్ తీస్కుంటెనే మనం ఎక్కినట్టు. ఫ్రీ అని సిగ్గు వడకుండ్రి. కండక్టరును పిలువుండ్రి. ట్యాంకు కాడ ఎక్కినం అని చెప్పుండ్రి. అడిగి తీస్కోండ్రి!"

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. గోడలకు తగిలి తిరిగి వస్తోంది. తలుపులు తెరుచుకున్నాయి. మా ఎదురింటి అవ్వ అరుగు మీదినుంచి అరిచింది: "ఓసి, గీ పొల్లకు నోరున్నదే!" ఆ తర్వాత గల్లీలో ఆమె నవ్వే ఎక్కువ వినిపించింది. ఒక ఇంటి దగ్గర బండి ఆపి మళ్ళీ చెప్పమన్నారు. చెప్పాను. నాలుగో గల్లీకి వచ్చేసరికి మైకు దించబుద్ధి కాలేదు.

అడ్డా మాత్రం మిగిలింది. వార్డులోంచి బయటికి రావాలంటే దాని ముందు నుంచే రావాలి. ఆటోల వాళ్ళు నలుగురైదుగురు రోడ్డుకు అడ్డంగా నిలబడ్డారు. వాళ్ళలో కాస్త చిన్నవాడు చాచాను నిలదీశాడు.

"ఏం చాచా, బస్సోళ్ళ తాన జీతం కుదిరిన్వా?"

"నేను బండి నడుపుతున్నరా. మాట్లాడేది మేడం. నీకేమన్న ఉంటే ఆమెనడుగు," అన్నాడు చాచా. అనేసి బీడీ ముట్టించబోయి, ఎందుకో మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

అందరూ నావైపు తిరిగారు. మైకు ఆపేశాను. కిందికి దిగాను. బండి కడ్డీ పట్టుకున్నాను.

"అన్నా, మీకు నష్టం కాదని నేను చెప్ప. అయితది," అన్నాను. "బస్సు పొద్దున ఒక్కసారే లోపలికి వస్తది. మాపటికి సామాన్లతోని బస్టాండు కాడ దిగుతరు, మిమ్ములనే పిలుస్తరు. అంతకంటె నాకు తెల్వది. మీకు వేరే ఉపాయం తెలిస్తె చెప్పుండ్రి, నేను సుత వస్త."

ఎప్పుడూ గొడవకు ముందుండే మనిషి ఒకడు తువ్వాలతో మెడ తుడుచుకుని, "పోనియ్యుండ్రిరా. మా ఇంటిది సుత గా బస్సులనే పోతది. బీడీ కార్ఖానకు ఇగ నడువదట, కాళ్ళు గుంజుతున్నయట," అన్నాడు. వాళ్ళలో ఒకడు ఫక్కున నవ్వాడు. దారి ఇచ్చారు. సంతోషంగా ఇవ్వలేదు, ఇచ్చారంతే.

మరుసటి సోమవారం ట్యాంకు దగ్గర బస్సు ఆగింది. అవ్వ ఒక కాలు మెట్టు మీద పెట్టి, ఇంకో కాలు నేలమీదే ఉంచి, "ఓ కండక్టరమ్మా! టికెట్!" అని కేకేసింది. ఆమె వెనక అందరూ. టికెట్, ఇటు టికెట్, నాకు సుత, ట్యాంకు కాడ. కండక్టర్ అమ్మాయి వెనకనుంచి తోసుకుంటూ వచ్చి, "ఆగుండ్రి అవ్వా, ఒక్కొక్కలు అడుగుండ్రి!" అని మొత్తుకుంది. డ్రైవర్ హారన్ కొట్టాడు. ఆమె "అందరికి కొట్టినంకనే పోనియ్యి!" అని అతన్నే గదమాయించింది. మధ్యలో మిషన్‌లో కాగితం చుట్ట అయిపోయింది. కొత్త చుట్ట పెడుతుంటే ఆమె వేళ్ళనే అందరం చూశాం.

ఆ కిటికీ పక్క ఆయన ఆ రోజు కూడా ఉన్నాడు. "పుక్యానికి వచ్చేదానికి గింత లొల్లి," అన్నాడు.

"నీ జేబుల ఉన్న బీడీ కట్ట ఎవలు చేసిన్రు, మీ అమ్మ చేసిందా?" అంది అవ్వ. "నా టికెట్ నేనడుగుతున్న. నీకేం వొయింది?"

బస్సంతా నవ్వింది. ఆయన కూడా కాస్త పక్కకు జరిగి చాటకు జాగ ఇచ్చాడు.

చాచీ ఏం చేస్తుందా అని చూస్తున్నాను. ఆమె మెట్టు దగ్గర ఆగి ఒకసారి అడ్డా వైపు చూసింది. చాచా ఆటోకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. ఈసారి అటు తిరగలేదు. రెండు వేళ్ళు ఎత్తి గాలిలో చిన్న కాగితం చింపినట్టు చూపించాడు. సాంచాల ఇంట్లో పెరిగినదాన్ని, సైగ నాకూ అర్థమైంది. చాచీ లోపలికి తిరిగి, అందరికంటే తక్కువ గొంతుతో, కానీ వినబడేలా అంది: "ఒక జగిత్యాల. ట్యాంకు కాడ ఎక్కిన."

బస్సు ఆగిపోలేదు. కొన్నాళ్ళకు ట్యాంకు దగ్గర ఇనుప స్తంభం పాతి బోర్డు పెట్టారు. దాన్ని ప్రారంభించడానికి చాలామంది వచ్చారు. ఫోటోలో నేను చివర సగం కనిపిస్తాను. అందరి కష్టమూ తీరిందని మాత్రం రాయలేను. అడ్డా మీద ఆటోలు తగ్గాయి. ఆ రోజు చాచాను నిలదీసినతను ఆటో అమ్ముకుని దుబాయి పోయాడు. పోయేముందు ఇంటికొచ్చి సర్టిఫికెట్ మీద సంతకం పెట్టించుకున్నాడు. "మంచిగుండు మేడం," అన్నాడు. కోపంతో అన్నాడో ప్రేమతో అన్నాడో నాకు ఇప్పటికీ తెలియదు. చాచా స్కూలు పిల్లలను తోలుతున్నాడు, మైకు తోలుతున్నాడు. గ్రూపులో మళ్ళీ చేరాడు. ఆ తర్వాత నా ఆదివారం కబుర్లన్నీ ఆవాజే, రాయకుండా మాట్లాడి పెట్టేదాన్ని. పంతులుగారికి భాష నచ్చలేదు. అవ్వ మాత్రం వేలు పెట్టడం మానేసి తిరిగి ఆవాజ్‌లోనే నాకు చీవాట్లు పంపేది.

కొత్తగా గెలిచిన చెల్లెళ్ళకు నేను చెప్పగలిగింది ఇంతే. మీరు పెట్టిన కబురు కింద బొటనవేళ్ళు వస్తే సంతోషపడండి. ఆ తర్వాత ఒకసారి బస్సెక్కి చూడండి.

ఇప్పుడు నేను పరీక్షల కోచింగుకు రోజూ జగిత్యాల పోతున్నాను, అదే బస్సులో. మొన్న కండక్టర్ కొత్త మనిషి. నాకు కిటికీ పక్కన సీటు దొరికింది, ఒళ్ళో పుస్తకం తెరిచి ఉంది. ఆమె నన్ను దాటుకుని ముందుకు పోయింది. పిలవాలి. పిలుద్దామనే అనుకుంటూ, ఈ పేజీ అయ్యాక పిలుద్దామనుకున్నాను. బస్టాండు దగ్గర పడుతోంది.

వెనక సీటులోంచి చాచీ గొంతు వినిపించింది, దగ్గు జాడ లేని గొంతు.

"కండక్టరమ్మా, గీ కిటికీ కాడ మేడంకు ఒక జగిత్యాల కొట్టు. ట్యాంకు కాడ ఎక్కింది. ఆమెకు సిగ్గు, అడగది."

బస్సులో మావాళ్ళంతా నవ్వారు. కండక్టర్ వెనక్కి వచ్చి టికెట్ చించి ఇచ్చింది. సున్నా రూపాయలు. ఎక్కిన చోటు దగ్గర మా వాడకట్టు పేరు అచ్చయి ఉంది. డైరీలో దాచుకుందామనిపించింది కానీ, మధ్యలో చెకింగ్ వాళ్ళు ఎక్కితే చూపించాలి కదా అని జగిత్యాల దాకా చేతిలోనే పట్టుకున్నాను.